నేలవేము చేదు కాన్సర్ కణానికి తగిలితే

మీలో నేలవేము రుచి చూసినవారు ఎందరు? చూసినవారైతే ఈ ప్రశ్న చదవగానే మొహం చిట్లించే ఉంటారు. దాని ముందు వేపాకు చేదు లెక్కలోకి రాదు. ఒక్క ఆకు కొరికితే చాలు, వెంటనే బెల్లం ముక్క వేసుకున్నా నాలుక మీది చేదు వదలదు. వానలకు మొలిచి మోకాలెత్తు పెరిగే మొక్క ఇది. చలికాలంలో తెల్లని చిన్న పూలు పూస్తుంది. రేకుల మీద ఊదారంగు మచ్చలుంటాయి. ఈసారి కనిపించినప్పుడు దాని కాండాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. మా గౌలిపురలో జ్వరాల కాలం వచ్చిందంటే ఏదో ఒక ఇంట్లో ఈ కషాయం కాగుతూనే ఉంటుంది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో కణ విభజన పాఠం చెబుతున్నాను. చివరి బల్ల మీద కూర్చునే ఒక పిల్లవాడు లేచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. ఏదో పత్రిక నుంచి కత్తిరించిన ముక్క. "నేలవేముతో కాన్సర్ కణాలు ఖతం" అని పెద్ద అక్షరాలు. కింద నాలుగు వాక్యాలు.

"ఇది నిజమేనా సార్?"

"ఎందుకురా అడుగుతున్నావు?"

"మా నాయనమ్మకు రొమ్ములో గడ్డ లేచింది సార్. ముక్క తీసి పరీక్ష చేసి కాన్సర్ అన్నారు. ఆపరేషన్‌కు రమ్మన్నారు. ఈ కాగితం చూసిన దగ్గర నుంచి రోజూ పొద్దున గ్లాసెడు కషాయం తాగుతోంది. ఆసుపత్రికి రానంటోంది."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "అబద్ధం" అందామంటే అది తప్పు. "నిజం" అందామంటే అది అంతకంటె పెద్ద తప్పు. జవాబుకు ఆ పిరియడంతా పట్టింది, మర్నాటి పిరియడు కూడా పట్టింది. అదే ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు నిజమెంతో చూద్దాం. నేలవేములోని పదార్థాన్ని కాన్సర్ కణాల మీద ప్రయోగించి చూసిన పని మన హైదరాబాదులోనే జరిగింది. గౌలిపుర నగరానికి దక్షిణాన, పాతబస్తీలో ఉంది. మియాపూర్ వాయవ్యపు కొసన ఉంది. అక్కడ డాక్టర్ రెడ్డీస్ సంస్థ వారి పరిశోధనశాలలో రసాయన శాస్త్రజ్ఞులు, జీవ శాస్త్రజ్ఞులు కలిసి నేలవేము మీద పనిచేసి, ఫలితాలను 2003, 2004 సంవత్సరాల్లో శాస్త్ర పత్రికలలో ప్రకటించారు. ఇక వాళ్ళు ఏమి చేశారో చూడండి.

చేదును వెతికి పట్టడం

ఆకు అంటే ఒక పదార్థం కాదు. పిండిపదార్థం, పత్రహరితం, చక్కెరలు, నూనెలు, లవణాలు, ఇంకా వందలాది పదార్థాలు అందులో కలగలిసి ఉంటాయి. వీటిలో పనిచేసేది ఏది? ఇంట్లో కీచురాయి అరుస్తోంది, ఎక్కడుందో కనిపించదు. అప్పుడు మీరేం చేస్తారు? ఒక్కొక్క గది తలుపు మూసి చెవి పెట్టి వింటారు. చప్పుడు వంటింట్లో నుంచి అని తేలితే, వంటింట్లో ఒక్కొక్క డబ్బా వెనుక వెతుకుతారు. మియాపూర్ వాళ్ళు చేసినది సరిగ్గా ఇదే.

మొదట మొక్కను మిథనాలు అనే ఆల్కహాలులో నానబెట్టి సారం తీశారు. ఆ సారాన్ని మూడు వాటాలు చేశారు: పెట్రోలియం ఈథర్‌లో కరిగేది, డైక్లోరోమీథేన్‌లో కరిగేది, నీళ్ళలో కరిగేది. చొక్కా మీద గ్రీజు మరక పడితే నీళ్ళతో పోదు, కిరోసిన్‌తో పోతుంది. ఒక్కొక్క ద్రవం ఒక్కొక్క రకం పదార్థాలను తనలోకి లాక్కుంటుంది. అదే ఉపాయం ఇక్కడ కూడా. మూడు వాటాలనూ విడివిడిగా కాన్సర్ కణాల మీద వేసి చూస్తే, వాటి పెరుగుదలను ఆపే గుణం డైక్లోరోమీథేన్ వాటాలో ఉన్నట్టు తేలింది. గది దొరికింది. ఆ వాటాను మళ్ళీ విడగొడితే, దగ్గరి చుట్టాల్లాంటి మూడు పదార్థాలు శుద్ధంగా చేతికొచ్చాయి. మూడింటికీ తెల్ల రక్తకణాలలో ఒక రకమైన లింఫోసైట్లను ఉత్సాహపరిచే గుణం ఉంది. కాని రకరకాల కాన్సర్ కణాలను నిలవరించింది మాత్రం ఒక్కటే. దాని పేరు ఆండ్రోగ్రాఫోలైడ్. ఒక అణువులో 20 కర్బన పరమాణువులు, 30 హైడ్రోజన్ పరమాణువులు, 5 ఆక్సిజన్ పరమాణువులు. ఆకు చేదుకు ముఖ్య కారణం కూడా ఇదే!

ఒక్క సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది. ఈ పదార్థం నీళ్ళలో బాగా కరగదు.

గిన్నెలో బతికే కణాలు

ఇంతకూ కాన్సర్ కణాలు ప్రయోగశాలకు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ప్రశ్న మా తరగతిలో ఎవరూ అడగలేదు, నేనే అడిగాను. మన ఒంట్లోని మామూలు కణాన్ని బయటకు తీసి పెంచితే కొన్నిసార్లు విభజన చెంది ఆగిపోతుంది. కాన్సర్ కణాలలో కొన్ని అలా ఆగవు. తిండి, వెచ్చదనం దొరికినంత కాలం ఏళ్ళ తరబడి విభజన చెందుతూనే ఉంటాయి.

1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారపు కాన్సర్‌తో ఆసుపత్రిలో చేరింది. ఆమె కణితి నుంచి తీసిన చిన్న ముక్కలోని కణాలను జార్జి గై అనే శాస్త్రజ్ఞుడు పెంచాడు. ఆ ఏడాదే ఆమె చనిపోయింది, కణాలు చావలేదు. ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో "హీలా" అనే పేరుతో పెరుగుతున్నాయి. అయితే ఆ ముక్క పరిశోధనకు వాడుకుంటామని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఇంటివారికి కూడా ఎన్నో ఏళ్ళ దాకా తెలియదు.

మియాపూర్‌లో వాడినవి వేరే కణాలు. ఎం.సి.ఎఫ్-7 అనేవి రొమ్ము కాన్సర్ కణాలు. వీటిని 1970లో అమెరికాలోనే ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీశారు. ఆ మూడు అక్షరాలు మిషిగన్ కాన్సర్ ఫౌండేషన్ అనే సంస్థ పేరుకు పొడి అక్షరాలు. 7 ఎందుకంటారా? ఆరుసార్లు కణాలు బతకలేదు, ఏడోసారి బతికాయి. (లెక్కలో ఆరుసార్లు తప్పి పుస్తకం మూసేవాళ్ళు ఈ అంకెను బల్ల మీద చెక్కుకోవచ్చు. కాని బల్ల పాడుచేశారని నా దగ్గరకు ఫిర్యాదు రాకూడదు!) హెచ్.టి-29 అనేవి పెద్దపేగు కాన్సర్ కణాలు.

వీటిని పెంచడం చంటిపిల్లను సాకడం కంటె ఎక్కువ పని. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, లవణాలు కలిపిన ద్రవంలో దూడ రక్తపు సీరం కొద్దిగా పోస్తారు. ఉష్ణోగ్రత సరిగ్గా 37 డిగ్రీలు ఉండాలి. గాలిలో నూటికి 5 పాళ్ళు కార్బన్ డై ఆక్సైడ్ ఉండాలి. ద్రవంలో ఫినాల్ రెడ్ అనే రంగు కూడా కలుపుతారు. అది ఎర్రగా ఉన్నంతసేపు బాగున్నట్టు. కణాలు తిండి తిని ఆమ్లాన్ని వదిలే కొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. మీరు లిట్మస్‌తో చేసే పరీక్షకు ఇది చుట్టమే. ఇంత విందులోకి ఒక్క బాక్టీరియా దూరినా ప్రమాదమే. అది దాదాపు 20 నిమిషాలకొకసారి రెండవుతుంది, ఈ కణాలకు ఒక రోజు పడుతుంది. మర్నాటికి గిన్నె నిండా బాక్టీరియాయే. వారం రోజుల శ్రమ మురికి కాలవలోకి పోతుంది.

పరీక్షకు వాడేది పోస్టుకార్డు కంటె కాస్త చిన్నదైన ప్లాస్టిక్ పలక. అందులో 8 వరుసలు, వరుసకు 12 చొప్పున 96 చిన్న గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటలో కొన్ని వేల కణాలు వేసి, అవి అడుగున అతుక్కునేదాకా ఒక రాత్రి ఆగుతారు. తరువాత మందును రకరకాల పలుచనల్లో వేస్తారు. ప్రతి మోతాదూ ఒక్క గుంటలో కాదు, కనీసం మూడు గుంటల్లో. రెండు మూడు రోజులు ఆగి లెక్క చూస్తారు.

లెక్క ఎలా చూస్తారు? వేల కణాలను కంటితో లెక్కించలేం గదా. 1983లో మోస్మన్ అనే శాస్త్రజ్ఞుడు సులువైన దారి చూపాడు. ఎం.టి.టి. అనే పసుపుపచ్చని పదార్థం గుంటలో వేస్తే, బతికి ఉన్న కణాలు దాన్ని ఊదారంగులోకి మార్చేస్తాయి. చచ్చిన కణాలు మార్చలేవు. ఎంత ఊదాగా ఉంటే అంతమంది బతికున్నట్టు. ఆ రంగు ఎంత కాంతిని మింగుతుందో యంత్రం కొలిచి అంకె చెబుతుంది. ఇంకొక పద్ధతి కూడా ఉంది. కణం రెండుగా చీలే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు రాసుకుంటుంది. అందుకు థైమిడిన్ అనే ముడిసరుకు కావాలి. కాస్త రేడియోధార్మికత గల థైమిడిన్ ఇస్తే, అది కణంలోకి ఎంత చేరిందో కొలిచి ఎంత నకలు రాస్తున్నదో చెప్పవచ్చు. మియాపూర్‌లో ఎం.సి.ఎఫ్-7 కణాల మీద వాడినది ఈ రెండో పద్ధతి.

ఇక్కడ తరగతిని ఒక ప్రశ్న అడిగాను. "మందు వేసిన గుంటల్లో కణాలు సగానికి తగ్గాయి. తగ్గించింది మందేనని మీకెలా తెలుసు?" కాసేపు నిశ్శబ్దం. ఆ పదార్థం నీళ్ళలో బాగా కరగదని చెప్పాను గదా, అందువల్ల దాన్ని డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రవంలో కరిగించి వేస్తారని అంతకు ముందే చెప్పి ఉన్నాను. ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ ద్రవమే తగ్గించి ఉండవచ్చు గదా సార్?" అంది.

ఉండవచ్చు. ఎక్కువ వేస్తే అది కూడా కణాలను చంపుతుంది. అందుకే పలకలో కొన్ని గుంటలకు మందు లేకుండా వట్టి డి.ఎం.ఎస్.ఓ. మాత్రమే అంతే కొలతలో వేస్తారు. కొన్నింటికి ఏమీ వేయరు. మందు గుంటలను వీటితో పోల్చాలి. ఈ పోలిక గుంటలు లేని ప్రయోగం ఎంత పెద్ద అక్షరాలతో అచ్చయినా నేను నమ్మను. మీరూ నమ్మకండి.

ఖతమా, హోల్డానా?

పత్రిక ముక్కలో "ఖతం" అని రాశారు. మియాపూర్ ఫలితం ముఖ్యంగా చెప్పింది అది కాదు. మీరు సిటీ బస్సు ఎక్కే ఉంటారు. కండక్టరు "రైట్ రైట్" అంటేనే డ్రైవరు బండి కదిలిస్తాడు. "హోల్డాన్" అంటే ఆపుతాడు. కణంలోనూ ఇలాంటి ప్రోటీన్లున్నాయి. సి.డి.కె.4 అనేది "రైట్ రైట్" అనే రకం. నకలు రాసుకో, రెండుగా చీలు అని కణాన్ని తోస్తుంది. పి27 అనేది "హోల్డాన్" అనే రకం. మామూలు కణంలో ఇద్దరి మాటా చెల్లుతుంది. కాన్సర్ కణంలో రైట్ రైట్ తప్ప రెండో మాట వినిపించదు. ఆండ్రోగ్రాఫోలైడ్ తగిలిన కణాల్లో పి27 పెరిగింది, సి.డి.కె.4 తగ్గింది. కణాలు డి.ఎన్.ఏ. నకలు మొదలుపెట్టక ముందు దశలోనే నిలిచిపోయాయి. బస్సు స్టాపులో ఆగిందన్నమాట. బస్సు ఆగడం వేరు, బస్సు తుక్కు కావడం వేరు. పత్రికవారికి తుక్కయితేనే వార్త!

ఇంకొక మెట్టు ఉంది. చాలామంది దాటవేసేది ఇదే. కాన్సర్ కణాన్ని ఆపినది మామూలు కణాన్ని కూడా ఆపేస్తే? దీన్ని తెలుసుకోవడానికి మా తరగతిలో ఒక ప్రయోగం చేశాం. మీరూ ఇంట్లో చేయవచ్చు. మూడు సాసర్లలో తడిగుడ్డ పరిచి, ఒక్కొక్క దానిలో 20 పెసలు వేయండి. మొదటిదానికి మంచినీళ్ళు. రెండోదానికి గ్లాసుడు నీళ్ళలో చెమ్చాడు ఉప్పు కలిపినవి. మూడోదానికి మూడు చెమ్చాలు కలిపినవి. గుడ్డ ఆరకుండా చూస్తూ రెండు రోజుల తరువాత మొలకలు లెక్కపెట్టి, మొలక పొడవు స్కేలుతో కొలిచి రాయండి. మొదటి సాసరులో మొలకలు తోకలూపుతుంటాయి. ఉప్పు పెరిగే కొద్దీ మొలకలు తగ్గుతాయి, పొట్టివవుతాయి.

"అయితే పెరిగేదాన్ని ఆపింది కాబట్టి ఉప్పు కాన్సర్‌కు మందా?" అని అడిగాను. తరగతంతా నవ్వింది. ఆ పిల్లవాడు నవ్వలేదు.

గిన్నెలోని కాన్సర్ కణాల మీద గాఢమైన ఉప్పునీళ్ళు పోసినా చస్తాయి. బట్టలకు వాడే బ్లీచింగ్ నీళ్ళు పోసినా చస్తాయి. గిన్నెలో చంపడం కష్టం కాదు. పక్కన ఉన్న మంచి కణాన్ని వదిలిపెట్టి చెడ్డదాన్ని మాత్రమే ఆపడం కష్టం. అందుకే పరిశోధకులు మందును ఆరోగ్యవంతమైన కణాల మీద కూడా వేసి పోల్చి చూస్తారు.

గ్లాసెడు కషాయం లెక్క

ఇప్పుడు నాయనమ్మ గ్లాసుకు వద్దాం. కొంచెం లెక్క చేద్దాం, భయపడకండి. ఆండ్రోగ్రాఫోలైడ్ అణుభారం సుమారు 350. అంటే లీటరుకు 350 గ్రాములుంటే ఒక మోలార్. ఇలాంటి ప్రయోగాల్లో తరచు కనిపించే మోతాదు 10 మైక్రోమోలార్, దానికి కొంత అటూ ఇటూ. మైక్రో అంటే పదిలక్షల వంతు. లెక్క వేస్తే లీటరుకు 3.5 మిల్లీగ్రాములు వస్తుంది. మనిషి రక్తం సుమారు 5 లీటర్లు. మొత్తం 17.5 మిల్లీగ్రాములు. ఒక్క బియ్యపు గింజ బరువు!

"ఇంతేనా? అయితే గ్లాసెడు కషాయం చాలదా?" అనిపిస్తుంది. గిన్నెకూ మనిషికీ తేడా వచ్చేది ఇక్కడే. గిన్నెలో వేసిన మందు రెండు మూడు రోజులు కణాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. మనిషి మింగినది ముందు జీర్ణాశయం దాటాలి, పేగు గోడలో నుంచి రక్తంలోకి దిగాలి. నీళ్ళలో బాగా కరగని పదార్థం అంత సులువుగా దిగదు. దిగినదాన్ని కాలేయం పట్టుకుని వేరే రూపంలోకి మారుస్తుంది. మూత్రపిండాలు బయటికి తోస్తాయి. మిగిలినది ఒక్క గడ్డకే పోదు, ఒళ్ళంతా పరుచుకుంటుంది. ఎలుకలకు పెద్ద మోతాదు తాగించి కొలిచిన ఒక పరిశోధనలో నూటికి 3 పాళ్ళకంటె తక్కువే రక్తంలో తేలింది. పైగా గ్లాసులో ఎంత ఉందో ఎవరికి తెలుసు? గుప్పెడు ఆకు వేశారా, రెండు గుప్పెళ్ళా? లేతదా, ముదురుదా? ఎంతసేపు కాచారు? ఇవాళ్టి గ్లాసూ రేపటి గ్లాసూ ఒకటి కావు.

పోనీ ఎక్కువ తాగితే? 2000 సంవత్సరంలో అమెరికాలో ఒక పరీక్ష ఫలితం వెలువడింది. కాన్సర్‌కు కాదు, ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి. సోకినవారికీ, కొందరు ఆరోగ్యవంతులకూ శుద్ధమైన ఆండ్రోగ్రాఫోలైడ్ ఇస్తూ మోతాదు పెంచుకుంటూ పోదామనుకున్నారు. ఆరు వారాలకే ఆపవలసి వచ్చింది. దుష్ఫలితాలు కనిపించాయి, ఒకరికి ప్రాణం మీదికి వచ్చే రకం అలర్జీ కూడా వచ్చింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనేవారికి ఉమ్మెత్తకాయ కూడా చెట్టుకే కాస్తుందని గుర్తుచేస్తాను.

మియాపూర్ వారు గిన్నె దగ్గరే ఆగలేదు. ఎలుకల దాకా వెళ్ళారు. చర్మపు కాన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకల్లోనూ, మనిషి పెద్దపేగు కాన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకల్లోనూ ఆండ్రోగ్రాఫోలైడ్ పనిచేసినట్టు 2003లో ప్రకటించారు. అంతటితో తృప్తిపడక, ఆ అణువుకు రసాయనికంగా చిన్న మార్పులు చేసి డి.ఆర్.ఎఫ్-3188 అనే కొత్త పదార్థాన్ని తయారు చేశారు. ఎం.సి.ఎఫ్-7 కణాల మీద అది ఆండ్రోగ్రాఫోలైడ్ కంటె తక్కువ మోతాదులోనే, అదే పద్ధతిలో పనిచేసిందని 2004లో రాశారు. ఇది మంచి పని, నిజాయితీ గల పని. కాని రోగులకు ఇచ్చే కాన్సర్ మందు అందులో నుంచి ఇంకా పుట్టలేదు.

దండగ పని అంటారా? అలా అనకండి. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 వరకు లక్షకు పైగా మొక్కల సారాలను పరీక్షించింది. మందులుగా నిలిచినవి వేళ్ళ మీద లెక్కించవచ్చు. వాటిలో ఒకటి టాక్సాల్. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులోని పదార్థాన్ని మన్రో వాల్, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్ వాని కలిసి వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. అది కణ విభజనను ఏ విధంగా అడ్డుకుంటుందో 1979లో సుసాన్ హార్విట్జ్ చూపింది. మందుగా అనుమతి దొరికింది 1992లో. బెరడు నుంచి సీసా దాకా 30 ఏళ్ళు!

ఇంకొకటి మీ వాకిట్లోనే ఉండవచ్చు. బిళ్ళగన్నేరు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ దాన్ని చక్కెర వ్యాధికి పనికొస్తుందేమోనని పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు గాని, ఎలుకల తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అనుకున్నది జరగలేదని ఎలుకలను పారేసి ఉంటే కథ అక్కడే ముగిసేది. తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్త కాన్సర్‌కు ఇది పనికిరాదా అని ఆలోచించారు. 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. అదే మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ 1963 నుంచి పిల్లల రక్త కాన్సర్‌కు వాడుకలో ఉంది. టన్నుల కొద్దీ ఎండుటాకు నుంచి గ్రాముల్లో దొరుకుతుంది. దాన్ని నరంలోకి ఎక్కిస్తారు, మిల్లీగ్రాము కూడా తప్పకుండా కొలుస్తారు. బిళ్ళగన్నేరు ఆకు నమిలితే మాత్రం విషం.

ఆ శనివారం సాయంత్రం పిల్లవాడితో కలిసి వాళ్ళింటికి వెళ్ళాను. లాల్ దర్వాజా వైపు సందులో చిన్న ఇల్లు. గడప పక్కన డబ్బాలో బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది. రోజూ పూజకు కోస్తుందట. నాయనమ్మ మంచినీళ్ళు ఇచ్చి, నేనింకా గ్లాసు దించక ముందే అడిగింది.

"ఆకు మంచిదా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి సారూ."

"ఆకు మంచిదేనమ్మా. కాని అది ఇంకా పరీక్షలు రాస్తోంది. పై తరగతికి వెళ్ళింది, ఆఖరి పరీక్ష పాసు కాలేదు."

"మరి ఆసుపత్రి మందు?"

"అది పాసయి వచ్చింది. నువ్వు రోజూ పూజకు కోసే పువ్వు ఉంది చూడు, దాని చెట్టు కూడా పాసయింది. కొందరు పిల్లలకు ఆ మందే ఎక్కిస్తారు."

ఆమె చాలాసేపు డబ్బా వైపు చూసింది. ఆపరేషన్ అంటే భయమా అని అడిగితే అవునంది. కషాయం మీద ఆశ అంత బలంగా ఉండటానికి సగం కారణం ఆ భయమేనని నాకప్పుడు తెలిసింది. కాన్సర్ గడ్డ చిన్నగా, ఒక్క చోటే ఉన్నప్పుడు తీసివేయడం తేలిక, వారాలు గడిచే కొద్దీ కష్టం అని మాత్రం చెప్పాను. ఎం.సి.ఎఫ్-7 కణాలు రొమ్ములో పుట్టి ఊపిరితిత్తుల దాకా వెళ్ళినవేనని ఆమెకు చెప్పలేదు.

సోమవారం కొడుకును వెంటబెట్టుకుని రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రికి వెళ్ళింది. కషాయం తాగుతున్న సంగతి దాచవద్దని చెప్పి పంపాను. నేలవేము కాలేయంలో ఇతర మందుల పనికి అడ్డు తగలవచ్చు, డాక్టరుకు తెలియాలి. డాక్టరు అది కాగితం మీద రాసుకుని, చికిత్స పూర్తయ్యేదాకా మానమన్నారట.

ఆపరేషన్ అయిన వారానికి ఆ పిల్లవాడు మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం లేదు.

"సార్, మా నాయనమ్మ గడ్డ నుంచి కూడా కణాలు తీసి పెంచవచ్చా? వాటి మీద నేలవేము వేసి చూడవచ్చా?"

పెంచవచ్చు, కాని అందరి కణాలూ బతకవు, ఏడోసారికి బతికిన కథ చెప్పాను గదా అన్నాను. అయినా ముందు ఆమెను అడగాలి, హెన్రియెట్టా లాక్స్‌ను అడగనట్టు కాకుండా అన్నాను.

"ఒప్పుకుంటుందో లేదో ఇంటికెళ్ళి అడుగుతాను సార్" అని వెళ్ళిపోయాడు.